ఓనరు గారి షుగర్ రిపోర్టు

నాచారంలోని ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో అప్పుడే చేరాను. ఉప్పల్‌లోని ఒక రక్తపరీక్షల ల్యాబ్‌కి వెబ్‌సైట్ చేస్తున్నాం. లాగిన్ అయింది ఎవరో, ఒక ప్రోగ్రాం గుర్తుపడితే, ఇంకోటి వాళ్ల రిపోర్టు తెరవాలి. మధ్యలో ఆ పేరు దాచడానికి, ఎందరు లాగినైనా అందరికీ కలిపి ఒకే చోటు పెట్టమన్నాడు మా టీం లీడ్.

"ఎవరి రిక్వెస్టుతోని వాళ్ల పేరు పోవాలె, అన్నా. లేకుంటే ఇద్దరు ఒక్కసారే వస్తే పేర్లు కలిసిపోతయి" అన్నాను.

"జెప్పింది జెయ్" అన్నాడు.

డెమోలో ల్యాబ్ ఓనరు, నేను ఒకేసారి లాగిన్ అయ్యాం. నా ఫోన్లో ఆయన షుగర్ రిపోర్టు తెరుచుకుంది!

"ఈ పిల్ల రాసిన కోడ్ సార్" అన్నాడు లీడ్.

లేచాను. "రాసింది నేనే సార్. గిట్లయితదని ముందే జెప్పింది గూడ నేనే. గంట టైమియ్యుండ్రి, సరిజేస్త."

చేశాను. నాకు నోరెక్కువని ఆఫీసులో ఇప్పటికీ అంటారు. అననీ. ఎవరి రిపోర్టు వాళ్లకే పోతోంది.