హెడ్మాస్టరుగారి ఫొటో కింద

గొంతు సవరించుకోవడానికి చరిత్రలో దక్కవలసిన పీట ఇంకా దక్కలేదు. రాజ్యాలు కత్తుల మీద నిలిచాయంటారు. ఒక హైస్కూలు మాత్రం ముప్ఫై ఏళ్ళు హెడ్మాస్టరుగారి "ఊహుఁ హుఁ" మీద నిలిచింది. ఆ శబ్దం మెట్ల దగ్గర పుడితే చాలు, మేడమీద చివరి గదిలో పిల్లలకే కాదు, లెక్కల మాస్టారికి కూడా చెమటలు పట్టేవి.

రిటైరయ్యాక ఆ అస్త్రాన్ని ఆయన వంటింటి గుమ్మం దగ్గర ప్రయోగించారు.

"దగ్గయితే మందు తాగండి. పనయితే నోటితో చెప్పండి," అంది భార్య. వారం తిరక్కుండానే వీధి చివరి పసిపిల్లల బడిలో జీతంలేని సాయానికి ఆయన్ని ఒప్పజెప్పి, ఇంటికొచ్చి హాయిగా కునుకు తీసింది.

మొదటిరోజు ఆయన తరగతి గుమ్మంలో నిలబడి, ఛాతీ విరిచి, గొంతు సవరించారు. రంగు క్రేయాను నములుతున్న ఒకడు తలెత్తి, "ఆయా! తాతకి వాంతొస్తోంది," అన్నాడు. ఆయా బకెట్టు పట్టుకు పరిగెత్తుకొచ్చింది.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. గోడమీద బోర్డు, దానిమీద పంతులమ్మ ఫొటో, ఆయా ఫొటో, కొత్తగా ఈయన ఫొటో. పిల్లలు రాగానే బుట్టలోంచి ఎవరి ఫొటో వాళ్ళు తీసుకుని, కథవేళ ఎవరి పక్కన కూర్చోవాలనుకుంటే వాళ్ళ కింద అంటిస్తారు. బోర్డు మీద లేనివాళ్ళు ఆ రోజు బడికి రానట్టు లెక్క.

పంతులమ్మ కింద తొక్కిసలాట. ఆయా కింద కొందరు. హెడ్మాస్టరుగారి కింద రోజూ ఒక్కతే: అందరూ 'చీమిడి' అని పిలిచే పిల్ల. ఆయన మోకాలికి అతుక్కుని కూర్చుని, ముక్కు ఆయన పంచెకే తుడుచుకునేది. ఆయన గొంతు సవరిస్తే తనూ "ఊహుఁ హుఁ" అనేది.

ఇంట్లో మాత్రం ఆయన చెప్పేది వేరు. "నా పక్కన చోటు కోసం కొట్టుకు చస్తున్నారనుకో!"

"అలాగా? శుక్రవారం వచ్చి కళ్ళారా చూస్తాను. మిమ్మల్ని చూసి పారిపోని పిల్లల్ని ఈ జన్మలో చూడలేదు నేను."

పరువు గండంలో పడింది. ఆయన విచారణ జరిపారు. "నీ పక్కన కూర్చుంటే చీమిడి అంటుకుంటుంది తాతా," అని క్రేయాను పిల్లాడు సాక్ష్యం చెప్పాడు. కారణం తేలిపోయింది. పదో తరగతి ఫలితాలు పాడుచేసేవాళ్ళకి ముందే టీసీ ఇచ్చి పంపి, నూటికి నూరు శాతం సాధించిన అనుభవం ఆయనది. శుక్రవారం అందరికన్నా ముందు వచ్చి, బుట్టలోంచి ఆ పిల్ల ఫొటో తీసి జేబులో వేసుకున్నారు.

ఆ పిల్ల వచ్చింది. బుట్ట వెతికింది, బోర్లించింది, బోర్డు వంక చూసింది. బయటికి వెళ్ళిపోయింది.

మిగతావాళ్ళు వచ్చి, ఎప్పటిలాగే పంతులమ్మ కింద, ఆయా కింద అంటించుకున్నారు.

భార్య వచ్చేసరికి ఆ పిల్ల చెప్పుల అరల దగ్గర మళ్ళీ బూట్లు తొడుక్కుని నిలబడి ఉంది.

"లోపలికి వెళ్ళవేమ్మా?"

"నేనివాళ రాలేదు."

"ఎదురుగా నిలబడి రాలేదంటావేమే!"

"బోర్డు మీద లేనుగా," అంది ఆ పిల్ల, మొద్దు విద్యార్థికి రెండోసారి పాఠం చెబుతున్నట్టు. "తాత ఒక్కడే కూర్చుంటాడు, పాపం. రేపొస్తాను."

భార్య లోపలికి వచ్చి బోర్డు చూసింది. మొగుడి ఫొటో కింద నున్నటి గోధుమరంగు అట్ట. "కొట్టుకు చచ్చినవాళ్ళంతా నిజంగానే చచ్చారా ఏమిటి?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "బయట ఒక పిల్ల నిలబడింది. మీ తరగతేనా?"

హెడ్మాస్టరుగారి చెయ్యి జేబు దాకా వెళ్ళింది. ఫొటో తీస్తే, అది అక్కడికెలా వచ్చిందో కూడా చెప్పాలి.

"కాదు," అన్నారు. "ఎవరో!"

అని గొంతు సవరించుకున్నారు. చెప్పుల అరల వైపు నుంచి సన్నగా "ఊహుఁ హుఁ" వినిపించింది.

పాలవేళయింది. ఆయా రోజూ బోర్డు మీది ఫొటోలు చూసే పాలు పోస్తుంది. ఆ రోజు ఒక గ్లాసు తక్కువ పోసింది.