ఆ నంబరు మా ఇంటిది

ఆరేళ్లుగా ఒక నంబరు మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

కోట అనే ఊరి దగ్గర రొయ్యపిల్లల్ని పరీక్షించే ఒక చిన్న ల్యాబులో కంప్యూటర్ పని నాది. రొయ్యల గుంటలో పిల్లల్ని వదిలే ముందు రైతులు కొన్నిటిని మా దగ్గరికి తెస్తారు. తెల్లమచ్చ జబ్బు ఉందో లేదో మేం వెబ్‌సైట్లో పెడితే ఫోన్లో చూసుకుంటారు. ఫలితాలు ఎక్కించే పేజీ మాత్రం ఆఫీసు ఇంటర్నెట్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. ప్రతి కనెక్షన్‌కూ ఒక అడ్రస్ నంబరు ఉంటుంది కదా, జాబితాలో ఉన్న నంబరుకే ఆ పేజీ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ అందరికీ ఒకటే. జాబితా మాత్రం నా చేతిలో ఉండేది.

అప్పుడు మా పాపకు రెండేళ్లు. మాటిమాటికీ జ్వరం. సెలవడిగితే ల్యాబు నడిపే సారు మొహం మాడ్చుకునేవారు. ఎవరికీ చెప్పకుండా మా ఇంటి ఇంటర్నెట్ నంబరు జాబితాలో చేర్చుకున్నాను. పనే కదా చేసేది, ఎక్కడ కూర్చుని చేస్తే ఏం అనుకున్నాను.

ఒకరోజు, ఫలితాలన్నీ ఎక్కించేశానని సారుతో అబద్ధమాడి పన్నెండింటికే ఇంటికొచ్చేశాను. ఫలితాలు రాసిన కాగితాల ఫొటోలు ఫోన్లో ఉన్నాయి. ఒళ్లో పాప ఏడుస్తుంటే ఒంటిచేత్తో కొడుతూ పోయాను. ఒకచోట కన్ను పై వరుస మీదికి పోయింది. జబ్బు ఉన్న పిల్లలకు లేదని పెట్టాను.

నెల తిరక్కుండానే ఆ రైతు గుంటలో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. ఆయన వచ్చి ల్యాబు గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. కాగితంలో ఒకటి, పేజీలో ఒకటి. ఎక్కించిన టైము చూస్తే మూడు గంటలు. ఆ వేళకు ఆఫీసులో ఉన్నది నాతో పనిచేసే కుర్రాడు ఖాజా ఒక్కడే. రొయ్యపిల్లల్ని అమ్మినవాళ్ల కోసం వాడే మార్చాడని సారు తేల్చేశారు.

ఖాజా నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"నేను మార్చలేదక్కా. ఆ పేజీ తెరవనే లేదు. ఏ అడ్రస్సు నుంచి ఎక్కిందో నీకు కనపడతాది గదా? చూడక్కా."

"చూసినాను ఖాజా. ఆఫీసుదే."

అంతే అన్నాను. వాడు సరే అక్కా అని వెళ్లిపోయాడు. నా మాట నమ్మాడా? అబద్ధమని తెలిసీ ఊరుకున్నాడా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

వాడి ఉద్యోగం పోయింది. దొంగ రిపోర్టుల మనిషని పేరు పడ్డాక చుట్టుపక్కల ఏ ల్యాబూ వాణ్ణి తీసుకోలేదు. మా ఇంటి నంబరు జాబితాలోంచి ఆ సాయంత్రమే తీసేశాను. కానీ మూడు గంటలకు ఆ పేజీలోకి ఏ నంబరు నుంచి వచ్చారో చెప్పే వరుస కంప్యూటర్లో ఉండిపోయింది. చెరపడం నాకు నిమిషం పని. పాప కోసం అబద్ధమాడానని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని, పాపకు జ్వరం తగ్గిన తర్వాత కూడా నోరు విప్పనిదాన్ని, ఆ వరుస జోలికి మాత్రం ఎందుకు పోలేదు? ఎవరైనా చూస్తే బాగుండునని ఉండేదేమో. ఎవరూ చూడలేదు.

పోయిన నెల నాయుడుపేట బస్టాండులో ఖాజా కనిపించాడు. ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడట. పాప ఏం చదువుతోందని అడిగాడు. మూడో తరగతి అన్నాను. అసలు మాట నోటిదాకా వచ్చింది, బస్సు కూడా వచ్చింది. బస్సెక్కేశాను.

ఖాజా, ఆ రోజు నువ్వు అడిగినదానికి జవాబు ఇది. మా ఇంటి నుంచి ఎక్కింది. నేనే ఎక్కించాను.