అత్త ఆయుష్షు తీరలేదు

మా మేనత్త విశాఖ ఆసుపత్రిలో కన్నుమూసి పన్నెండు రోజులైంది. చోడవరంలో మా ఇంటికి పరామర్శకి వచ్చినవాళ్లంతా "ఆయుష్షు తీరింది" అంటున్నారు. అనకండి. ఒళ్లు మండిపోతోంది నాకు. ఒక పన్ను పీకించుకున్నందుకు మనిషి పోవడమేమిటి?

అమ్మ లేని నన్ను పెంచింది ఆవిడే. చెరుకు నరికి ఇంటికొస్తూ లేత గడ ఒకటి తెచ్చేది. తన పళ్లతోనే తొక్క చీల్చి, కణుపు లేని ముక్క నా చేతిలో పెట్టేది. చిన్నప్పటినుంచీ నాకు కోపం ముక్కు మీదే. "కోపమొస్తే సెరుకు నవులు, అల్లుడా. మనిసిని నవలకు" అనేది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చడం మా వైపు ఆడవాళ్లకి అలవాటు. అత్త అలా కాలుస్తూనే గలగలా మాట్లాడేది.

దవడ పన్ను పుచ్చితే నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పన్ను తీసి ఆయన ఓపిగ్గా చెప్పాడు. "ఈ గుంతలో రక్తం గడ్డ కడుతుందమ్మా. కొత్త ఎముకకి అదే నారుమడి. పని అయిపోయిన కణాలు వాటంతట అవే చచ్చి చోటిస్తాయి. వేళకి వచ్చే ఆ చావు మంచిదే. కానీ చుట్ట కాల్చారో, గడ్డ ఊడిపోయి చావకూడనివి చస్తాయి. ఎముకే చచ్చిపోతుంది. అసలే షుగరు మీకు."

"నా నోట్లోనూ సావులున్నాయేటి, బాబూ?" అని అత్త దూది కరిచిపట్టే నవ్వింది.

మూడు రోజులు చుట్ట ముట్టలేదు. నాలుగో రోజు పక్కింటి పెద్దావిడ వచ్చింది. "నొప్పెడతంటే అలా కూకున్నావేటే? అడ్డసుట్ట ఎట్టు. లోపల నిప్పు కాపడంలా పనిసేత్తాది" అని తనే ముట్టించి ఇచ్చింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. డాక్టరు మాట విన్నవాణ్ణి, చదువుకున్నవాణ్ణి. అత్త నావైపు చూసింది. పెంచిన మనిషికి వద్దని ఎలా చెప్పను అనుకుని లోపలికి వెళ్లిపోయాను. తగలెయ్యాలి అలాంటి గౌరవాన్ని!

అత్త చుట్ట కాల్చింది. కొన్నాళ్లకే గుంతలో ఎముక తెల్లగా బయటపడింది. చీము దవడంతా పాకి, రక్తంలోకి ఎక్కింది. విశాఖ ఆసుపత్రిలో చేర్చినా మందులు పని చెయ్యలేదు. దవడ వాచి మాట రాని అత్త నా వేళ్లు నిమురుతూ పడుకునేది. ఒక్కసారి తిట్టినా బాగుండేది.

నిన్న పెద్దకర్మ భోజనాలయ్యాక పెరట్లో ఆడవాళ్లు వరసగా కూర్చుని అడ్డచుట్టలు ముట్టించారు. నేను పక్కింటి పెద్దావిడ మీద విరుచుకుపడ్డాను. "మా అత్తని నువ్వే చంపేవు!" అన్నాను.

ఆవిడ చుట్ట తీసి మట్టిలో నొక్కింది. "నాకేటి తెలుసు బాబూ? నాకెవులు సెప్పేరు? తెలిసినోడివి నువ్వు ఆ దినం నోరెత్తనేదు."

కోపం ఎటు తిప్పినా నా మీదికే వస్తోంది.

మళ్లీ ఆవిడే అంది. "నాదీ ఓ పన్ను పీకించాల. ఎల్లుండి తోడొత్తావా? ఏటి సెయ్యకూడదో నువ్వే సెప్పు, ఇంటాను."

నోరు తెరిచి, మసి పట్టిన అంగిట్లోకి వేలు పెట్టి కదిపి చూపించింది. పన్ను ఊగుతోంది.