ముప్పై రెండు ప్రశ్నలు

బర్మాలోని మింగళ తౌంగ్‌న్యున్‌లో మేడమెట్ల కింద జాకెట్లు కుట్టే సుధామణి పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది. అందుకే ఆమె మాటలన్నీ పొట్టివి. మొన్న ఆడవాళ్ల ఆరోగ్యం మీద సర్వేకని ఇద్దరు వచ్చారు. ఎవరికీ తెలియనివ్వమని ఒట్టేస్తే, ఇరవై ఏడేళ్ల కిందట కడుపు తీయించుకున్నానని, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని ఆ సంగతి చెప్పింది. ముప్పై రెండు ప్రశ్నలకూ కళ్లు తడవకుండా జవాబిచ్చింది.

"చూశావా, మనసు కుదురుగానే ఉంది," అంది సర్వే అమ్మాయి. "కాదు, దుఃఖాన్ని లోపల దాచేసింది," అన్నాడు రెండోవాడు. వాదన ముదిరి, ఆ కడుపు సంగతితో సహా మూడో అంతస్తుదాకా వినబడింది. మెట్లమీద జనం చేరి, కుదురుగా ఉందని కొందరు, లేదని కొందరు పక్షాలు కట్టారు.

"నానెలాగున్నానో నన్నడగరేటి?" అంది సుధామణి.

"మీరుండండి, డో సుధామణీ!" అన్నారిద్దరూ, అక్కడి పద్ధతిలో పేరు ముందు మర్యాదగా 'డో' తగిలిస్తూనే.

ఆ జనంలోంచి తోటికోడలు రామలక్ష్మి దిగివచ్చి, ఆమె పక్కన కూలబడి మెల్లిగా అడిగింది: "అప్పుడు ఒక్కర్తివే ఎల్లేవేటే?"

"ఒక్కర్తినే, అక్కా," అంటూ సుధామణి భోరుమంది. సర్వేవాళ్లు గబగబా కాగితాలు తీశారు. అతను దుఃఖమని, ఆ అమ్మాయి ఊరటని రాసుకుంటుంటే, రామలక్ష్మి చేతికందిన ఎవరిదో జాకెట్టు గుడ్డతో సుధామణి కళ్లు తుడిచింది.