చంకలో చెప్పులు

మాదాపూర్‌లో రాళ్లు కొట్టే రాజలింగం ఏ ఊరికి బయలుదేరినా, అరిగిపోతాయని చెప్పులు చంకలో పెట్టుకునే నడిచేవాడు. ఊరు చేరాక కాళ్లు దులుపుకొని తొడుక్కునేవాడు. చిన్నతనమంతా వట్టికాళ్లతో ముళ్లలో పశువుల వెంట తిరిగిన మనిషి. పెళ్లినాటికి గానీ చెప్పుల జత ఎరగడు. "చెప్పులు కాళ్లకా, చంకకా బావా?" అని పొరుగింటి సక్కుబాయి ఎగతాళి చేస్తే, "కాలు తెగితే మానుతది. చెప్పు తెగితే మానుతదా?" అనేవాడు.

పందొమ్మిది వందల డెబ్బై మూడులో కూతురు భూలక్ష్మిని కూకట్‌పల్లి పెద్దబడిలో చేర్చడానికి తీసుకెళ్లాడు. ముందురోజే ఆమెకు కొత్త చెప్పులు కొన్నాడు. కంకర బాట మీద వెనక్కి తిరిగి చూస్తే, పిల్ల అచ్చం తనలాగే చెప్పులు చంకన పెట్టుకుని కుంటుతూ వస్తోంది. రాజలింగం గబగబా వెనక్కి నడిచాడు. "ఏసుకో బిడ్డా" అన్నాడు. "అరుగుతయి నాయినా!" "అరగనీ. నాకు రెక్కలున్నయి, ఇంకో జత కొంట." మోకాళ్ల మీద కూర్చుని తానే తొడిగాడు. పిల్ల టపటపమంటూ ముందుకు ఉరికింది. కంకర మీద ఆ తోలు గీసుకున్నప్పుడల్లా అతని మనసు చివుక్కుమంటూనే ఉంది. అయినా మెల్లగా నడవమని ఒక్కసారి కూడా అనలేదు.