మా బావ చేసిన అభిశంసన

మా అక్క మొగుడికి మాటలంటే పిచ్చి. అర్థాలంటే మాత్రం గిట్టదు. నోరు నిండుగా పలికే మాటేదైనా మంచి మాటేనని ఆయన నమ్మకం. నిఘంటువు ఒకటి కొనుక్కోరాదా బావా అని ఓసారి సలహా ఇచ్చాను.

"వినగానే తెలిసిపోవాలిరా. వెతుక్కోవాల్సి వచ్చిందంటే ఆ మాటలో దమ్ము లేనట్టే," అన్నాడు.

ఆ దమ్ముతోనే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజరయ్యాడు. పెట్టెకు టేపు వంకర లేకుండా అంటించడం ఇప్పటికీ చేతకాదు. కానీ ఎవరు రిటైరైనా, ఎవరికి ప్రమోషన్ వచ్చినా మైకు ఆయన చేతికే వెళ్లేది. అందరూ "గంభీరంగారు" అని పిలిచేవాళ్లు. అది వెక్కిరింత అని ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

అకౌంటెంటుగారి అమ్మాయికి వ్యాసరచనలో బహుమతి వస్తే, "ఈ పాప రాతలో ఉన్నది ఉత్త సారం కాదు, అతిసారం!" అని అందరి ముందూ దీవించాడు. మా అక్క నర్సు. ఆ రాత్రి సంగతి విని, "రోజంతా వార్డులో నేను కడిగొచ్చేది అదేనండీ. పాపం ఆ పిల్లకెందుకు అంటగట్టారు?" అంది.

"నీ డ్యూటీ కబుర్లు ఇంట్లో వద్దు," అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది ఆయన మీద కాదు, విన్నవాళ్ల మీద. సగం మందికి అర్థం తెలియదు. తెలిసిన సగం మందీ చప్పట్లు కొట్టారు.

ఆ ఫ్యాక్టరీలో నేను మెకానిక్కుని. అట్టలు కోసే పెద్ద మిషనుకి ముందువైపు ఇనుప జాలీ తలుపు ఉండాలి. అది మూసి ఉంటే చెయ్యి బ్లేడు కిందికి పోదు. ఆ తలుపు విరిగిపోయి ఏడాది దాటింది. కొత్తది తెప్పించమని అడిగీ అడిగీ నా నోరు నొప్పెట్టింది.

"చేతులు జాగ్రత్తగా పెట్టుకోమను. తలుపు లేకపోతే పని గబగబా అవుతోంది కదా," అనేవాడు మేనేజరు. ఇస్త్రీ మడత నలుగుతుందేమోనని సరిగ్గా కూర్చోను కూడా కూర్చోని మనిషి. ఎక్కడో మరో ఊళ్లో పనిచేసి మా దగ్గరికొచ్చాడు. అక్కడెందుకు మానేశాడో ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు మావాళ్లకు లేదు.

ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి యజమాని వచ్చాడు. మేనేజర్ని పొగిడే పని యథాప్రకారం మా బావ మీద పడింది. అంతకు ముందు టీవీ వార్తల్లో ఎవరో నాయకుడికి 'అభిశంసన' జరుగుతోందని విన్నాడట. అంత పెద్ద నాయకుడికి చేశారంటే అది ప్రశంసకు పెద్దన్నగారై ఉంటుందని తేల్చేసుకున్నాడు.

"మన మేనేజరుగారి చరిత్ర ఈ గోడలకు కూడా తెలుసు," అని మొదలెట్టాడు. "ఇదివరకు పనిచేసిన చోట కూడా వీరికి ఘనమైన అభిశంసన జరిగే ఉంటుంది. ఇక్కడ మాత్రం మనమెందుకు వెనకాడాలి? యజమానిగారి సమక్షంలో, కార్మికులందరి తరఫునా, నిండు మనసుతో నేను వీరిని అభిశంసిస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. మేనేజరు ముఖం మాత్రం పాలిపోయింది. లేచి నిలబడ్డాడు.

"ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

"మీ ఘనత దాచితే దాగుతుందా సార్! అందరికీ తెలిసిందేగా," అన్నాడు మా బావ, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ.

మేనేజరు గబుక్కున యజమాని వైపు తిరిగాడు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. "సార్, అక్కడి బోర్డు నా మీద పెట్టిన అభిశంసన తీర్మానం ఒట్టి అన్యాయం. మిషను తలుపు తీయించింది నేనే, కాదనను. ఆ అమ్మాయి వేళ్లు తెగితే మాత్రం నేనేం చేస్తాను? తనే పరధ్యానంగా ఉంది."



"ఏ అమ్మాయి? ఏ వేళ్లు?" అన్నాడు యజమాని.

వెనక వరసలోంచి, అట్టలు కోసే మిషను నడిపే ఆవిడ లేచింది. "మా మిషనుకీ తలుపు లేదండీ. ఏడాదిగా అలాగే కోస్తున్నా."

ఇక ఒక్కొక్కరికీ నోళ్లు పెగిలాయి. అంతకాలం చప్పట్లకే పనికొచ్చిన మనుషులు, పక్కవాడు అరిచాక తామూ అరిచారు. యజమానికి పుట్టింది వేళ్ల మీద జాలి కాదు, కోర్టు కేసుల భయం. ఏదైతేనేం, ఆ వారంలోనే మేనేజరు వెళ్లిపోయాడు, కొత్త తలుపు వచ్చింది. నేనే బిగించాను.

వార్షికోత్సవం రోజున మా బావని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. ఆయనకేమో ఏం జరిగిందో అంతుబట్టలేదు. ఇంటికొచ్చి, "నేను పొగిడితే ఆ మనిషి అలా బెదిరిపోయాడేమే?" అని మా అక్కని అడిగాడు. అక్క పడీ పడీ నవ్వి, కళ్లు తుడుచుకుని, అర్థం చెప్పింది.

"అంటే... యజమాని ముందు... మేనేజర్ని నేను తప్పుపట్టానా?" ఆయనకు చెమటలు పట్టాయి.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని మేనేజరింటికి బయల్దేరాడు. క్షమాపణ చెప్పుకోవడానికి! వద్దు బావా అంటే వినలేదు. గేటు దగ్గర చేతులు కట్టుకుని, "తెలియక అన్నాను సార్, పొగుడుదామనే అన్నాను," అని గొణిగాడు. మేనేజరు ఆయన ముఖం మీదే తలుపు వేసేశాడు.

ఫ్యాక్టరీకి వెళ్లేసరికి కార్మిక సంఘంవాళ్లు దండలతో కాచుకుని ఉన్నారు. మేనేజరింటి గేటు దగ్గర వణికిన మనిషి ఫ్యాక్టరీ గేటు దాటేసరికి నిటారుగా నిలబడ్డాడు. "ఎన్నాళ్లుగానో ఆ మాటను గుండెల్లో దాచుకున్నాను," అన్నాడు. నేను పక్కనే ఉన్నానన్న జంకైనా లేదు. సంఘం కార్యదర్శిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

మధ్యాహ్నం ఆ మిషను ఆవిడ వచ్చి మా బావకి చేతులెత్తి దణ్ణం పెట్టింది. "మీ పుణ్యమాని తలుపు వస్తోందట, నాకింక భయం లేదండీ."

మా బావ నింపాదిగా దండ సవరించుకున్నాడు. "నాదేముందమ్మా," అని కాసేపు మాట కోసం వెతుక్కుని, "అంతా నా నిర్వాకం!" అన్నాడు.

ఆవిడ నవ్వాపుకోలేక నా వైపు చూసింది. నేను స్పానర్ తీసుకుని మిషను వైపు నడిచాను.