అమ్మ తీసుకెళ్ళిన ప్లగ్గు

నా చిన్నప్పుడు మేం ఢిల్లీలో ప్రభుత్వ క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నాన్న కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మంచం మీద బోర్లా పడుకుని హోంవర్కు రాయడం చూడలేక, నాకో బల్ల తనే చేస్తానని నాన్న పూనుకున్నాడు. మా బ్లాకులో పనిచేస్తున్న వడ్రంగి మిస్త్రీని అడిగి, ఆదివారం సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేస్తానని చేత్తో పట్టుకుని కోసే కరెంటు రంపం తెచ్చాడు.

ఆ రంపానికి ఉండే గుండ్రటి బ్లేడుకి కిందవైపు ఒక మూత ఉంటుంది. చెక్క కోస్తున్నప్పుడు అది దానంతటదే వెనక్కి జరుగుతుంది, బయటికి తీయగానే మూసుకుంటుంది. పెన్సిలు గీత సరిగా కనబడదని మిస్త్రీ దాన్ని ఇనప తీగతో వెనక్కి లాగి కట్టేశాడు. అమ్మ ఆ తీగ విప్పించమంది. నాన్న వెళ్ళి అడిగితే, అందరూ ఇలాగే నడుపుతారని చెప్పి, "కుఛ్ నహీ హోతా సార్" అని, ఏమీ కాదన్నట్టు మిస్త్రీ నవ్వేశాడట.

అమ్మ వాదించలేదు. పొద్దున్న డ్యూటీకి వెళ్ళే ముందు నేను చూస్తుండగానే స్క్రూలు విప్పి, రంపం వైరుకి ఉన్న ప్లగ్గు తీసి హ్యాండుబ్యాగులో వేసుకుని వెళ్ళిపోయింది. వేళ్ళు తెగి వచ్చిన వడ్రంగులకి ఎన్నోసార్లు కట్లు కట్టిన మనిషి. ఆ సంగతి ఆ రోజు మాత్రం మాతో అనలేదు.

ప్లగ్గు లేదని చూసుకుని నాన్న కాసేపు గింజుకున్నాడు. తర్వాత వైరు కొసలు ఒలిచి నన్ను పిలిచాడు.

"అగ్గిపెట్టె పట్రామ్మా."

ప్లగ్గు లేనప్పుడు వట్టి తీగల్ని సాకెట్టు కన్నాల్లో పెట్టి, జారకుండా అగ్గిపుల్లలు బిగించడం మా క్వార్టర్సులో అందరూ చేసే పనే.

"మమ్మీ డాంటేగీ," అన్నాను.

"తిడితే ఇద్దర్నీ కలిపి తిడుద్దిలే. ఈలోపు నీ బల్ల తయారైపోద్ది."

నేను నవ్వుతూ వంటింట్లోకి పరిగెత్తాను.

నాన్న ప్లైవుడ్డుని రెండు స్టూళ్ళ మీద పరిచి, సరిగ్గా మధ్యలో కోయడం మొదలుపెట్టాడు. సగం పైన తెగేసరికి కింద ఆధారం లేని చెక్క కుంగి, బ్లేడుని రెండువైపులా పట్టేసింది. రంపం ఒక్క ఉదుటున వెనక్కి, నాన్న మీదికి ఎగిరింది. ఆయన స్విచ్చి వదిలేశాడు కానీ, వదిలినంత మాత్రాన బ్లేడు వెంటనే ఆగదు. మూసుకోవలసిన మూత కట్టేసి ఉంది. లుంగీ చీలి, ఎడమ తొడ తెగింది.

రంపం ఆపాలంటే ప్లగ్గు లాగాలని నాకు తెలుసు. సాకెట్టు దగ్గరికి ఉరికి, కరెంటు పారుతున్న ఆ వట్టి తీగలే పట్టుకోబోయాను. నాన్న గాయం మీద నుంచి చెయ్యి తీసేసి, నా గౌను పట్టుకుని వెనక్కి లాగాడు. తర్వాత గోడకున్న స్విచ్చి ఆర్పి, అక్కడే కూలబడ్డాడు. నా గౌను మీద ఆయన అరచేతి ముద్ర ఎర్రగా పడింది.

పక్కింటి ఆంటీ మమ్మల్ని ఆటోలో అమ్మ పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళింది. కుట్లు వేస్తుండగా అమ్మ, కరెంటు ఎలా ఇచ్చావని అడిగింది. నాన్న చెప్పాడు. అగ్గిపుల్లలు ఎవరు తెచ్చారని అడిగింది.

"నేనే తెచ్చుకున్నాను," అన్నాడు నాన్న.

అమ్మ నా గౌను వైపు చాలాసేపు చూసింది.

కుట్లు విప్పాక ఒక ఆదివారం అమ్మ మిస్త్రీని ఇంటికి పిలిపించి, అప్పటిదాకా మా దగ్గరే ఉండిపోయిన రంపం ముందు పెట్టి, నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది. తీగ ఆయన చేతే విప్పించి, ప్లగ్గు తనే బిగించింది. ఎలా కోయాలో మొదటినుంచీ చెప్పమంది. మూత ఎప్పుడూ కట్టకూడదనీ, చెక్క కుంగకుండా కోతకి రెండువైపులా ఆధారం ఉండాలనీ, రంపానికి సరిగ్గా వెనక కాక పక్కకి నిలబడి రెండు చేతులతో పట్టుకోవాలనీ, వదులు బట్టలు వద్దనీ, బ్లేడు పూర్తిగా ఆగేదాకా రంపం కింద పెట్టకూడదనీ, ప్లగ్గు లాగనిదే బ్లేడు ముట్టుకోకూడదనీ ఆయన తడుముకోకుండా చెప్పుకుపోయాడు. నాకు భయం వేసింది. ఆయనకి ఇదంతా ముందే తెలుసు.

అమ్మ నాన్న వైపు తిరిగింది. "నేనూ అంతేగా. ప్లగ్గు పట్టుకుపోయాను గానీ, ఎందుకో చెప్పలేదు," అంది.

ఇప్పుడు నాకు నాలుగేళ్ళ కొడుకున్నాడు. మా ఫ్లాటులో పదునుగా ఉన్నవీ, వేడెక్కేవీ, మింగగలిగినవీ అన్నీ ఎత్తున అరల్లోకి చేరిపోయాయి. అయినా నాకు నిద్ర పట్టదు. అందుకే ఏది దాచినా, వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని అదేం చేస్తుందో చెబుతున్నాను. వాడు ప్రతిదానికీ "క్యోం మమ్మా?" అని, ఎందుకో చెప్పమంటాడు. నేను విసుక్కోను. ఆ రోజు ప్లగ్గు తీసుకుని అమ్మ గుమ్మం దాటుతున్నప్పుడు, ఎందుకని నేను ఆ ఒక్క మాట అడిగి ఉంటే, ఆవిడ చెప్పి ఉండేది.